వన్‌టెన్ డబ్బా

ఫోన్ ఆగిపోయాక కూడా దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను, సరిత ఇంకేదో అంటుందేమోనని. అనదు. చార్జింగ్ అయిపోతోందని చెబుతూ చెబుతూనే దాని ఫోన్ ఆగిపోయింది. పొద్దుటి నుంచి కోరుట్లలో మా గల్లీకి కరెంటు లేదు, లైను పని చేస్తున్నారు, బడులు విడిచే వేళకు ఇస్తామని లైన్‌మన్ చెప్పిపోయాడు. నా బిడ్డ అన్న మాటలు ఒక్కొక్కటే మళ్ళీ వినిపిస్తున్నాయి, బస్సు కిటికీల దడదడలోంచి, వెనక సీట్లో ఎవరో తగువులాడుకుంటున్న గొంతుల్లోంచి. "అమ్మా, బాపు ఒకటే లొల్లి చేసిండు. సెట్టు దిక్కు చూపెడతడు, నువ్వు పోయిన తొవ్వ దిక్కు చూపెడతడు. పాట ఇంటడేమోనని కొత్త బోర్డుల పిన్ను పెట్టి, స్విచ్చేసి, సెట్టు బటన్ నొక్కి పెట్టిన. గట్ల పెట్టినంక ఇంకింత లొల్లి చేసిండు, పాట రాలేదని కోపమచ్చినట్టుంది. కరెంటచ్చినంక అదే మోగుతది తియ్. పిలగాడు ఏడుస్తుండని జగిత్యాల బస్సెక్కిన, బాపు పండుకున్నడు, నువ్వు అస్తనే ఉన్నవ్ గదా..." అదే మోగుతుందట. నా ఒడిలో రెండిటుకలంత బరువున్న ఇనుప డబ్బా ఉంది. ఇది ఇక్కడ నా ఒడిలో ఉంటే ఆ టేప్‌రికార్డరు సెట్టు అక్కడ ఎట్లా మోగుతుంది తల్లీ, కాలిపోతుంది గాని.

ఎరగని వాళ్ళకు ఇదో తుప్పు పట్టిన డబ్బా. సిరిసిల్లలో బస్సెక్కినప్పుడు కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి, సున్నా టికెట్టు చేతిలో పెట్టి, "గిదేందమ్మా, ఇన్వర్టరా?" అని అడిగింది. వన్‌టెన్ డబ్బా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, చిన్నపిల్ల, ఎట్లా అవుతుంది. సౌదీలో గోడలోంచి వచ్చే కరెంటు నూటపది, మన గోడలోంచి వచ్చేది దానికి రెట్టింపు. అక్కడి సెట్టు తెచ్చి ఇక్కడి గోడకు పెడితే నిమిషంలో కమురు వాసన. అందుకే సెట్టుకూ గోడకూ మధ్యలో ఈ డబ్బా పెట్టాలి, గోడ ఎంత ఇచ్చినా ఇది సెట్టుకు నూటపదే వదులుతుంది. ఒకప్పుడు కోరుట్లలో ఏ ఇంట్లోకి వెళ్ళినా షోకేసులో టేప్‌రికార్డరు, దాని మీద కుచ్చుల గుడ్డ, దాని పక్కన సన్నగా గుయ్యిమంటూ ఈ డబ్బా. ఆ గుయ్యి వినబడితే ఆ ఇంటి మగమనిషి సౌదీలో ఉన్నట్టు లెక్క. వీటిని తప్ప ఇంకేమీ అమ్మని దుకాణం ఒకటి ఉండేది మా బజారులో. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. బస్సు చందుర్తి దాటింది, ఇంకా రుద్రంగి రావాలి, కథలాపూర్ రావాలి, ఆ తర్వాత గాని కోరుట్ల రాదు.

మొన్నమొన్నటిదాకా ఈ తప్పు ఎవరైనా చేద్దామన్నా కుదిరేది కాదు. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. పాత బోర్డు సాకెట్టుకు గుండ్రటి బెజ్జాలుండేవి. సౌదీ సెట్టు పిన్ను రెండు పల్చటి చదును బద్దలు, ఆ బెజ్జాల్లోకి ఎంత తోసినా పోయేవి కావు, ఈ డబ్బాకున్న సాకెట్టులోకి మాత్రమే పోయేవి. ఎంత తెలియనివాళ్ళు వచ్చి ముట్టుకున్నా గోడ ఒప్పుకునేది కాదన్నమాట. చెక్క బోర్డు, దాని మీద నల్లటి గుండ్రటి స్విచ్చులు, కిందికి నొక్కితే టక్కుమనేవి, ఆ చప్పుడు పక్కగదిలోకి వినబడేది, ఎవరు లేచారో ఎవరు పడుకున్నారో దాన్ని బట్టే తెలిసేది నాకు. వసారాలో పింగాణీ ఫ్యూజులు, దేవుడి గూట్లో ఎర్రటి జీరో బల్బు, తిప్పితే ఒక్కో మెట్టూ కటకటమనే పెద్ద ఫ్యాను రెగ్యులేటరు. పోయిన చలికాలంలో నా అల్లుడు నవీన్ వచ్చి అవన్నీ పీకించి తెల్లటి సన్న బోర్డులు పెట్టించాడు. స్విచ్చు వేస్తే వేసినట్టే తెలియదు, చప్పుడే ఉండదు. "యూనివర్సల్ సాకెట్ అత్తమ్మా, ఏ దేశం పిన్నైనా దీంట్ల పడుతది" అని మురిసిపోయాడు. మంచిగుంది బిడ్డా అన్నాను నేను కూడా, ఛాయ్ చేసిచ్చాను. ఏ దేశం పిన్ను పడితే ఆ దేశం పిన్నును మింగే గోడ ఇంట్లో ఎందుకని అప్పుడు తోచలేదు నాకు, ఎవరికి మాత్రం తోస్తుంది.

ఆయనకు తోచిందేమో. మాట ఉంటే చెప్పేవాడే. ఆ పని జరిగేటప్పటికే మా ఆయన మహిపాల్‌కు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, నోరు మూడూ ఒక్క పొద్దున పోయి కొన్నాళ్ళయింది. ఎలక్ట్రీషియన్ పీకిన స్విచ్చులను చెత్తబుట్టలో వేస్తుంటే మంచం మీద నుంచి ఆఁ ఆఁ అని అరిచి అరిచి, ఎడమ చేత్తో చూపించి, అన్నీ ఒక గోనెసంచిలో వేయించుకుని మంచం కిందికి తోయించుకున్నాడు. అప్పటినుంచి పగలంతా ఏదో ఒక నల్ల స్విచ్చు పట్టుకుని కూర్చుంటాడు. టక్ టక్. ఎడమ బొటనవేలితో వేస్తాడు, తీస్తాడు. మొదట్లో పిచ్చెక్కుతోందేమోనని భయపడ్డాను. తర్వాత ఆ చప్పుడు వినబడకపోతే భయపడటం మొదలైంది. కడుపులో మాటలన్నీ ఉన్నాయి, అది తెలుస్తూనే ఉంది, నేను చెప్పిందంతా అర్థమవుతుంది, అన్నంలో ఉప్పు తక్కువైతే మొహం చూస్తేనే తెలుస్తుంది. నోట్లోంచి మాత్రం ఊఁ, ఆఁ తప్ప ఇంకోటి రాదు. కరీంనగర్ డాక్టరు దగ్గర మాట నేర్పే అమ్మాయి అరటిపండు బొమ్మ చూపించి ఇదేంటి అంకుల్ అని అడిగినప్పుడు ఆయన ఏడ్చాడు. అప్పుడు నేను కూడా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ రోజే అనుకున్నాను, అరటిపండు బొమ్మ కాదు, ఈయనకు ఈయన గొంతు వినిపించాలి.

గొంతు ఉంది. ఒక్కటే క్యాసెట్టు. ఎంతమంది అడిగినా ఇది అర్థం చేసుకోరు, అన్నేళ్ళు సౌదీలో ఉండి క్యాసెట్ల మీద మాటలు పంపిన మనిషిది ఒక్క క్యాసెట్టే ఎట్లా మిగిలింది అంటారు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో అందరూ చేసింది అదే. ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి ఆయన క్యాసెట్టు పంపేవాడు, నేను తలుపు వేసుకుని వినేదాన్ని, మళ్ళీ పెట్టుకుని వినేదాన్ని, ఆ తర్వాత ఎర్ర బటనూ దాని పక్క బటనూ కలిపి నొక్కి అదే క్యాసెట్టు మీద నా మాటలు చెప్పి, వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేదాన్ని. నా మాట పడుతూ ఉంటే ఆయన మాట చెరిగిపోయేది. అక్కడ ఆయన విని, నా మాట మీద మళ్ళీ ఆయన మాట. మొహమాటం లేకుండా ఒకళ్ళనొకళ్ళం తుడుచుకుంటూ సంసారం చేశాం. బర్రె ఈనింది, సరితకు జ్వరం తగ్గింది, మీ అమ్మ నన్ను ఇట్లా అంది, నువ్వు ఎప్పుడొస్తావు, అన్నీ చెరిగిపోయాయి. చివరిసారి ఆయన పంపిన దానికి మాత్రం నేను జవాబు చెప్పలేదు, దీనికి జవాబు పంపకు, నేనే వస్తున్న అని దాంట్లో ఉంది కాబట్టి. ఆ ఒక్కటి అట్లా బతికింది. అది ఇప్పుడు ఆ సెట్టులోనే ఉంది. బటన్ నొక్కి పెట్టిందట సరిత. పాత సెట్టు బటను అంటే ఇప్పటి ఫోను లాగా కాదు, నొక్కితే లోపల రబ్బరు చక్రం ఎగిరొచ్చి టేపును పట్టుకుంటుంది, కరెంటు లేకపోయినా పట్టుకునే ఉంటుంది. కరెంటు రెట్టింపు వచ్చిందంటే ఆ చక్రం పిచ్చిపట్టినట్టు తిరిగి టేపునంతా నమిలేస్తుంది, సెట్టు కాలడం సంగతి తర్వాత.

దేవుడా, బడులు ఎప్పుడు విడుస్తారు? రోడ్డు పక్కన ఒక్క పిల్లాడు కూడా కనబడటం లేదు, ఇంకా విడవలేదు, మంచిది. ఎండ ఇంకా ఉంది. డ్రైవరు మొక్కజొన్న ట్రాక్టరు వెనకే వెళుతున్నాడు, హారన్ కొట్టడు, దాటడు, ఆ ట్రాక్టరుకు ఈ బస్సును కట్టేసినట్టు. నాలుగు సీట్ల ముందున్న ఆమె సెల్‌ఫోన్లో అందరికీ వినబడేలా ఎవరికో పప్పు ఎట్లా వండాలో చెబుతోంది. సత్యవ్వకు ఫోన్ చేశాను. మా పక్కిల్లు, గోడకు గోడ, నేను లేనప్పుడు ఆయన్ని చూసేది ఆమే. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఈ వేళకు ఆమె బీడీలు ఒప్పజెప్పడానికి కార్ఖానాకు వెళుతుంది, అక్కడ కట్టలు చూసే గుమాస్తాతో కొట్లాడుతూ ఉంటుంది, సంచిలో ఫోన్ మోగినా వినదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. సరితకు చేస్తే స్విచ్చాఫ్. నవీన్ ఎత్తాడు, జగిత్యాలలో వాళ్ళ దుకాణంలో గిరాకీ చప్పుడు వినబడుతోంది. చెప్పాను, అంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. "ఏం గాదత్తమ్మా, మనింట్ల కొత్త ఎమ్‌సీబీలు పెట్టిచ్చిన గదా, తేడా అస్తె అదే పడిపోతది. సెట్టుల గూడ ఫ్యూజుంటది" అన్నాడు. "పాతదైపాయె గదా, పోతె పోయింది, నీకు బ్లూటూత్‌ది మంచిది ఆన్‌లైన్ల పెడత" అన్నాడు. మంచి పిల్లాడే, మనసులో ఏమీ ఉండదు. అయినా ఆ క్షణం ఆ ఫోనును కిటికీలోంచి విసిరేయాలనిపించింది. సెట్టులో ఫ్యూజు లేదు బిడ్డా, ఎప్పుడో మాటిమాటికీ పోతోందని మీ మామే దాని జాగాలో లావాటి రాగి తీగ చుట్టి పెట్టాడు, ఇంట్లో ఫ్యూజులకూ అట్లాగే చుట్టేవాడు. కోరుట్లలో చుట్టనివాళ్ళెవరు. ఇవన్నీ చెప్పలేక సరే అని పెట్టేశాను.

పొద్దున సిరిసిల్లకు బయలుదేరేటప్పుడు ఆయన మంచం దగ్గర కూర్చుని, "డబ్బ కాయిల్ పోయింది, సిరిసిల్లల చుట్టిచ్చుకస్త, నీ గొంతు నీకు ఇనిపిస్త" అన్నాను. అటక మీద ఎన్నేళ్ళో ఉండి ఉండి అది చచ్చిపోయింది. జగిత్యాలలో ఎవరూ ముట్టుకోలేదు. సిరిసిల్లలో మగ్గాల మోటార్లు కాలుతూనే ఉంటాయి, చుట్టేవాళ్ళు దొరుకుతారని ఎవరో అంటే తంగళ్ళపల్లి రోడ్డులో ఫజలుద్దీన్ దుకాణం పట్టుకున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అరే, గిది ఇంక బతికే ఉన్నదా" అని నవ్వాడు. ఆయన కూడా జెద్దాలో ఉండి వచ్చినవాడే. మగ్గాల దడదడలో ఒకరి మాట ఒకరికి వినబడక ఇద్దరం అరుచుకున్నాం. రాగి తీగ చుట్టి, వార్నీషు పూసి, ఎండకు పెట్టి, చివరికి ఒక బల్బు తగిలించి చూపించాడు. మసకగా, ఎర్రగా, సగం వెలుగుతో వెలిగింది. "చూసినవా అమ్మా, పూర వెలుగద్దు గిది, సగం వెలిగితెనే సహీ. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ సగం వెలుగు చూసి ఎంత సంతోషపడ్డానో. బస్టాండులో ఛాయ్ తాగుతూ కూడా డబ్బా కింద పెట్టలేదు. ఆ డబ్బా మధ్యాహ్నం నుంచి నా తొడల మీద ఉంది, వార్నీషు వాసన ఇంకా పోలేదు, దీన్ని ఇప్పుడు ఏం చేసుకోను.

రుద్రంగిలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి మూత్రానికి వెళ్ళాడు, వచ్చి నీళ్ళు తాగాడు, ఎవరితోనో మాట్లాడాడు. నేను లేచి తలుపు దాకా వెళ్ళి, "అన్నా, జెర్ర జల్ది పోనియ్" అన్నాను. "ఏమైందమ్మా, ఎవలికన్న బాగలేదా?" అన్నాడు. ఏమని చెప్పను. మా ఆయన గొంతు కాలిపోతుంది అనా? "ఔ, బాగలేదు" అన్నాను. అబద్ధం కాదు కూడా. ఆయన పాపం వెంటనే ఎక్కి బండి తీశాడు. కూర్చున్నాక నవ్వొచ్చింది, ఇంత భయంలోనూ, ఆ క్యాసెట్టు మొదట్లో ఏముంటుందో గుర్తొచ్చి. ఆయన పంపిన ప్రతి క్యాసెట్టూ ఒకే మాటతో మొదలయ్యేది. మంచిగున్నవా అని కాదు, బిడ్డ ఎట్లుంది అని కాదు. గొంతు సవరించుకుని, "అనురాధా, డబ్బ పెట్టినవా? వన్‌టెన్ అది. యాదుంచుకో, వన్‌టెన్." డబ్బా పెట్టకపోతే ఈ మాట నాకెట్లా వినబడుతుందయ్యా అని నేను ప్రతిసారీ సెట్టుతోనే అనేదాన్ని. పెట్టిన, పెట్టిన, చెప్పింది చెప్పకు అనేదాన్ని. ఎన్ని వేళాకోళాలు ఆడినా మానలేదు ఆయన. దమ్మాంలో ఎండలో పనిచేసి, ఆరుగురు పడుకునే గదిలో దుప్పటి కప్పుకుని దాని కింద రికార్డు చేస్తూ, భార్యకు చెప్పే మొదటి మాట వన్‌టెన్. చిన్నదాన్ని అప్పుడు, కోపమొచ్చేది. ఆ సెట్టు ఆయన రెండేళ్ళ చెమట అని తర్వాత అర్థమైంది. అది కాలిపోతే మాట రాదు, మాట రాకపోతే నేను లేను, నువ్వు లేవు అని ఆయన భయం. ఇప్పుడు ఆ భయమంతా నాకొచ్చింది.

అప్పుడు కనబడ్డారు. ఊరు దాటగానే రోడ్డు పక్కన నీలం చొక్కాలు, వీపుల మీద సంచులు, ముగ్గురు, తర్వాత గుంపు. బడి విడిచారు. బస్సు ఆగింది, పిల్లలు తోసుకుంటూ ఎక్కారు, రెండు జడల అమ్మాయి ఒకతె నా డబ్బా మీదకు తూలి సారీ అంది. ఇంకొక్క దారి ఉంది, అది మొదటి నుంచీ నాకు తెలుసు, తెలిసీ అటు చూడకుండా తిరుగుతున్నాను. ఆయన దిండు పక్కన చిన్న ఫోను ఉంటుంది. మాట్లాడలేడు గాని మోగితే ఎడమ చేత్తో ఎత్తి వింటాడు. ఫోన్ చేసి, సెట్టు పిన్ను పీకు అని చెప్పొచ్చు. మంచానికీ ఆ గోడకూ మధ్య ఎంత, నాలుగడుగులు వేస్తే చాలు మంచి మనిషికి. పోయిన నెల ఒక్కడే లేచి బాత్రూంకు పోబోయి పడ్డాడు, నుదురు చిట్లింది, నేను వచ్చేసరికి నెత్తురులో మొహం పెట్టుకుని పడున్నాడు, అరవడానికి కూడా నోరు లేదు. డాక్టరు ఇంకోసారి తల తగిలితే నా చేతుల్లో ఉండదన్నాడు. ఫోన్ చేశాను. ఎత్తాడు. ఊపిరి వినబడింది. నేను అన్నానని తెలియకుండానే, "నేనే" అన్నాను. "ఊఁ." "పండుకున్నవా?" "ఆఁ, ఆఁ ఆఁ." ఏదో చెప్పాలని చూస్తున్నాడు, గొంతులో గరగరమంటోంది, టక్ టక్ అని స్విచ్చు వేస్తున్నాడు తీస్తున్నాడు, కోపంగా. పిన్ను పీకు అన్న మాట నా నాలుక చివర ఉంది. గొంతా, మనిషా? క్యాసెట్టులో ఉన్న మహిపాల్ కుర్రవాడు, నవ్వుతాడు, జోకులు వేస్తాడు, నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. మంచం మీదున్న మహిపాల్‌కు మూతి తుడవాలి. "పండుకో" అన్నాను. "లేవకు. ఏం గాదు. నేను అస్తున్న, ఏం ముట్టకు, లేవకు" అని పెట్టేశాను. పెట్టేసి కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పోనీ, కాలిపోనీ. రెండు జడల అమ్మాయి చూసి మొహం తిప్పుకుంది.

కథలాపూర్‌లో పిల్లలు సగం మంది దిగారు. నేను ఇంక ఫోన్ చేయలేదు. ఏమీ చేయనక్కర్లేదని తేల్చుకున్నాక భయం తగ్గాలి గదా, తగ్గలేదు. కొత్త సంగతి ఒకటి పట్టుకుంది. సరిత ఏమంది, సెట్టు దిక్కు చూపించాడు, నేను పోయిన దారి దిక్కు చూపించాడు, పిన్ను పెట్టాక ఇంకా అరిచాడు. పాట కావాలని కాదు. డబ్బా నా దగ్గరుందని. డబ్బా లేకుండా పెట్టకే అని. బిడ్డకు అర్థం కాలేదు. ఇందాక ఫోన్లో నాతో చెప్పబోయింది కూడా అదే. ఆయనకంతా తెలుసు, ఆ పిన్ను వైపే చూస్తూ పడుకుని ఉన్నాడు, నేనేమో లేవకు, ఏం గాదు అని చెప్పి పెట్టేశాను. మాట లేని మనిషి కళ్ళ ముందు కరెంటు కోసం ఎదురుచూస్తున్న సెట్టు. ఆయన ఊరుకుంటాడా? భార్య మీద కూడా నమ్మకం లేక ప్రతి క్యాసెట్టులో వన్‌టెన్ వన్‌టెన్ అన్న మనిషి ఊరుకుని పడుకుంటాడా? అప్పుడు నిజంగా భయమేసింది, సెట్టు కోసం కాదు. కోరుట్ల మొదటి ఇళ్ళు కనబడుతుండగా ఫోన్ మోగింది. సత్యవ్వ. "ఏంది అనురాధా, గన్నిసార్లు చేసినవ్? ఫోన్ సంచిలుండె, ఇనలే. కార్ఖానల నుంచి అస్తున్న, గిక్కడ కరెంటు గూడ ఇప్పుడే అచ్చింది" అంది.

మా గల్లీ మలుపు దగ్గర బస్సు ఆపమని అరిచాను, ఆపాడు. డబ్బాను రొమ్ముకు ఆనించుకుని పరుగెత్తాను, ఈ వయసులో, ఈ బరువుతో, చెప్పు ఒకటి ఊడిపోయింది, వెనక్కి చూడలేదు. పిండిగిర్ని నడుస్తోంది. ఒక ఇంట్లో టీవీ అరుస్తోంది. కరెంటొచ్చిన గల్లీ ఎంత సంతోషంగా ఉంటుందో అంత సంతోషంగా ఉంది, అందరి ఇళ్ళల్లో ఫ్యాన్లు. మా తలుపు దగ్గరికి వేసి ఉంది. తోయకముందే వాసన తెలిసింది. వార్నీషు కాలిన వాసన, పొద్దున ఫజలుద్దీన్ దుకాణంలో మూలకు పడేసిన మోటార్ల దగ్గర ఇదే వాసన.

తలుపు తోశాను. ఫ్యాను తిరుగుతోంది, పొగను గదంతా తిప్పుతోంది. మంచం ఖాళీ. గోడ కింద, తెల్లటి కొత్త బోర్డు కింద, నేల మీద కూర్చుని ఉన్నాడు మహిపాల్, చచ్చిన కాలు పక్కకు పడి ఉంది, మోకాలు దోక్కుపోయింది, ఎడమ పిడికిట్లో సెట్టు వైరు, దాని చివర రెండు చదును బద్దలు. మంచం నుంచి అక్కడిదాకా నేల మీద పాక్కుంటూ వచ్చిన గీత, దుప్పటి కూడా వెంటే జారి వచ్చింది. పీకాడు, కాని కరెంటు ఆయనకంటే ముందొచ్చింది. సెట్టు జాలీలోంచి సన్నగా పొగ లేస్తోంది. క్యాసెట్టు మూత పక్కనుంచి గోధుమరంగు టేపు కుప్పగా బయటకు వచ్చి నేల మీద పడి ఉంది. "తల తాకిందా, ఏడ తాకింది, చూడనియ్" అంటూ పక్కన కూలబడ్డాను. తల తగల్లేదు. నన్ను చూడలేదు ఆయన. నా చేతుల్లో ఉన్న డబ్బాను చూశాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి, వంకర మూతి ఇంకా వంకర పోయింది, ఉమ్మి కారింది. గరగర. నేను కొంగుతో తుడవబోతే నా చెయ్యి నెట్టేశాడు.

"వ... న్..." అన్నాడు.

పిడికిట్లో ఉన్న పిన్నును నా మొహం ముందుకు తెచ్చి ఊపాడు.

"వన్... టెన్." ఇంకా గట్టిగా, "వన్‌టెన్!"

తిట్టే తిట్టు. నన్ను, సరితను, నవీన్‌ను, గోడను, అందరినీ కలిపి తిట్టినట్టు. క్యాసెట్టులో గొంతు కాదది, బొంగురుపోయి, ఈడ్చుకుంటూ వచ్చిన గొంతు, కాని ఆ కోపం ఆయనదే, ఆ విసుగు ఆయనదే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "యాదుంది" అన్నాను. "యాదుందయ్యా. డబ్బ తెచ్చిన, గిదిగో, చూడు." సెట్టు పొగ ఇంకా ఆగలేదు. సత్యవ్వ కాబోలు, బయట నుంచి ఏమైంది ఏమైంది అని పిలుస్తోంది. నేను లేవలేదు. డబ్బాను ఒడిలో పెట్టుకునే ఆయనకు ఎదురుగా సర్దుకుని కూర్చున్నాను.

"ఇంకోపారి తిట్టు" అన్నాను.

తిట్టాడు.